పాత ప్లేట్లతో అంతస్తుల కేక్ స్టాండు: మీ ప్రశ్నలు, మా జవాబులు

క్రిస్మస్ దగ్గరపడుతోంది. ఆ వెనకే కొత్త సంవత్సరం. అందుకే కాబోలు, కేక్ స్టాండుల గురించి కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి ఈసారి ఉత్తరాలు బాగా వచ్చాయి. సెట్టు విడిపోయి మిగిలిన పింగాణీ ప్లేట్లు చాలా ఇళ్లలో రెండు మూడైనా ఉంటాయి. లేకపోతే పాత సామాన్ల దుకాణంలో దొరుకుతాయి. వాటి నడుమ రంధ్రం వేసి, ఒక కడ్డీకి ఎక్కించి, మధ్యలో గొట్టాలు పెట్టి బిగిస్తే అంతస్తుల స్టాండు తయారు. కేకులకే కాదు, సీమంతంలో సారె పెట్టడానికీ, పుట్టినరోజుకు పిండివంటలు సర్దడానికీ పనికొస్తుంది. ఉత్తరాలన్నీ చదివాక మాకు అర్థమైంది ఒక్కటే. రంధ్రం వేసే డ్రిల్ మిషన్ బిట్టు మీద పెడుతున్న శ్రద్ధ ప్లేటు కింద ఆధారం మీద ఎవరూ పెట్టడం లేదు. ప్లేట్లు ఎక్కువగా పగులుతున్నది అక్కడే.

ప్రశ్న: పాత సామాన్ల దుకాణంలో నాలుగు రకాల ప్లేట్లు ఏరి తెచ్చుకున్నాను. ఒకటి పూల బొమ్మల పింగాణీ, ఒకటి పాలలా తెల్లగా పలచగా ఉంది, ఒకటి మెలమైన్, ఇంకొకటి గోడకు తగిలించే రంగుల మట్టి ప్లేటు. వీటిలో దేనికి రంధ్రం వేయొచ్చు?
– పాఠకురాలు, కర్నూలు

జవాబు: ముందు ఆ పాలలా తెల్లగా ఉన్నదాన్ని పక్కన పెట్టేయండి. మీ వర్ణనను బట్టి అది పింగాణీ కాదు, ఓపల్ గాజు. పెళ్లిళ్లలో కానుకగా వచ్చే డిన్నర్ సెట్లు చాలావరకు ఇవే. తయారుచేసేటప్పుడు బాగా వేడిచేసి చప్పున చల్లారుస్తారు. దానివల్ల పైపొర నొక్కుకుపోయి, లోపలి పొర లాగి పట్టినట్టు ఉండిపోతుంది. చేయి జారి పడినా చాలాసార్లు పగలకపోవడానికి కారణం ఆ బిగువే. బిట్టు పైపొర దాటి లోపలికి దిగిందా, ఆ బిగువంతా ఒక్కసారిగా తెగి ప్లేటు ముక్కలై ఎగురుతుంది. ఎన్ని నీళ్లు పోసినా, ఎంత నెమ్మదిగా వేసినా ఇంతే. కళ్లకు ప్రమాదం కూడా.

గుర్తుపట్టడానికి ప్లేటు బోర్లించి చూడండి. పింగాణీకి అడుగున నిలబడే వలయం ఉంటుంది. ఆ వలయం కొన మీద మెరుపు పూత లేక సన్నటి గరుకు గీత వేలికి తగులుతుంది. ఓపల్ ప్లేటు వెనకా ముందూ ఒకే నునుపు. వెనక ‘టఫెన్డ్’ అనో ‘టెంపర్డ్’ అనో ముద్ర ఉంటే ఇక అనుమానమే లేదు. గట్టిపరచిన గాజు ప్లేట్లన్నిటికీ ఇదే నియమం. ఇలాంటివాటిని రంధ్రం లేకుండా అతికించి వాడుకునే పద్ధతి కింద ఇంకో జవాబులో చెప్పాం.

పూల బొమ్మల పింగాణీ మంచి ఎంపిక. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే వెనక ఉన్న మీ వేళ్ల నీడ కనిపిస్తుందా? అయితే అది బోన్ చైనా కావచ్చు. పలచగా ఉన్నా గట్టిది, రంధ్రం శుభ్రంగా పడుతుంది. నీడ కనపడకుండా మందంగా, బరువుగా ఉంటే స్టోన్‌వేర్ కావచ్చు, అంటే ఎక్కువ వేడికి కాల్చిన గట్టి మట్టి ప్లేటు. దానికి ఎక్కువసేపు పడుతుంది కానీ అడుగు అంతస్తుకు అంతకన్నా మంచిది లేదు. మెలమైన్ నిజానికి గట్టి ప్లాస్టిక్. ఇనుముకు వాడే మామూలు బిట్టు చాలు, నీళ్లు అక్కర్లేదు. తొందరపడి నొక్కితే మాత్రం వెనకవైపు పెచ్చు లేస్తుంది. పొడి పీల్చకండి. గోడ ప్లేటుకు రంధ్రం అన్నిటికన్నా సులువుగా పడుతుంది, ఎందుకంటే మెత్తటి మట్టి. కానీ దాని రంగులు తినే పదార్థం పెట్టడానికి వేసినవి కావు. అలంకారానికే ఉంచండి.

ఇక పాతవి కొనేటప్పుడు ప్రతి ప్లేటుకూ చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ప్లేటును మూడు వేళ్ల కొనల మీద నిలిపి, అంచును వేలి కణుపుతో తట్టండి. ఖంగుమని మోగి ఆ మోత కాసేపు నిలిస్తే ప్లేటు గట్టిది. బొదబొదమంటే ఎక్కడో కంటికి కనపడని పగులు ఉంది. అలాంటిది బిట్టు కిందికి వెళ్తే రెండు ముక్కలవుతుంది, డబ్బూ శ్రమా పోతాయి. పూత మీద వలలా అల్లుకున్న సన్నని గీతలు వేరు. అవి పూత వరకే ఉంటే స్టాండు నిలబడుతుంది. కానీ ఆ గీతల్లోకి నూనె దిగి మరక పడుతుంది, కాగితం వేయకుండా తినేవి పెట్టకండి.

ప్రశ్న: టైల్స్‌కు వాడే బిట్టుతో ప్లేటుకు రంధ్రం వేశాను. అంతా బాగానే సాగింది. తీరా రంధ్రం అవతలికి పడే సమయానికి వెనక పెద్ద పెచ్చు ఊడింది. రెండో ప్లేటు అడ్డంగా చీలిపోయింది. నా పొరపాటు ఎక్కడ?
– పాఠకుడు, తాడిపత్రి

జవాబు: రెండింటికీ కారణాలు వేరు. మీరు ప్లేటును చదునైన బల్ల మీద పెట్టి ఉంటారు. ప్లేటు నిలబడేది అడుగు వలయం మీద. వలయం లోపల, సరిగ్గా మీరు రంధ్రం వేసే చోట, కింద మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. బిట్టు చివరి పలచటి పొరకు చేరేసరికి మీ చేతి బరువంతా ఆ పొర మీదే పడుతుంది. కింద ఆనుకోవడానికేమీ లేక అది బయటికి పెచ్చుగా ఊడుతుంది. అడ్డంగా చీలడానికి మూడు కారణాలు: లోపల ముందే పగులు ఉండటం, నీళ్లు చాలక నడుమ వేడెక్కడం, ప్లేటు కదలడం.

ఇలా చేసి చూడండి. వలయం లోపల సరిగ్గా పట్టేలా ప్లైవుడ్ ముక్క ఒకటి గుండ్రంగా కోసుకోండి. మందం చాలకపోతే కింద అట్టముక్కలు పేర్చి, ముక్క ప్లేటు వీపుకు గట్టిగా తగిలేలా చూడండి. ప్లైవుడ్ లేకపోతే తడిపిన సన్న ఇసుకను వెడల్పాటి బేసిన్‌లో వేసి, ప్లేటును అందులోకి అదిమి కూర్చోబెట్టండి. వలయం లోపల కూడా ఇసుక నిండాలి. ఎత్తి చూస్తే ఇసుక మీద ప్లేటు వీపు అచ్చు మొత్తం పడి ఉండాలి. నడుమ అచ్చు పడలేదంటే అక్కడ ఖాళీ ఉన్నట్టే. ఇంకాస్త ఇసుక వేసి మళ్లీ అదమండి. భోంచేసే ముఖం పైకి ఉండాలి, రంధ్రం పైనుంచి కిందికి వేయాలి. పెచ్చు లేచేది ఎప్పుడూ బిట్టు బయటపడే వైపే. లేచినా వెనక లేస్తుంది, వాషర్ కింద దాగిపోతుంది.

బిట్ల సంగతి. బల్లెం మొనలా ఉండే గాజు, టైల్స్ బిట్టు మెత్తటి మట్టి ప్లేటుకు చాలు. పింగాణీకి, స్టోన్‌వేర్‌కు వజ్రపు పొడి పూసిన బోలు బిట్టు కావాలి, చిన్న గొట్టంలా ఉంటుంది. 8 మిల్లీమీటర్లది తీసుకోండి. గొట్టం బిట్టుకు నడుమ మొన ఉండదు కాబట్టి నునుపు మీద జారి గీతలు పెడుతుంది. రెండు వైపులా మాస్కింగ్ టేపు గుణకారం గుర్తులా అంటించండి. ఒక ప్లైవుడ్ ముక్కకు 8 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, దాన్ని ప్లేటు మీద అచ్చులా పట్టుకుని మొదలుపెడితే జారదు. అచ్చు లేకుండా వేసేవాళ్లు మిషన్‌ను కొంచెం వాల్చి, ముందు నెలవంక ఆకారంలో గాడి పడనిచ్చి, తర్వాత నెమ్మదిగా నిటారు చేస్తారు.

మిషన్ సుత్తిలా కొడుతూ తిరిగే హ్యామర్ మోడ్ ఆపేశారో లేదో రెండుసార్లు చూసుకోండి. అది ఆన్‌లో ఉంటే ప్లేటు మిగలదు. వేగం తక్కువ, నిమిషానికి 500 నుంచి 800 చుట్లు చాలు. రంధ్రం వేసే చోటు చుట్టూ బంకమట్టితో అంగుళం ఎత్తు గట్టు కట్టి, అందులో నీళ్లు నింపండి. మిషన్ బరువు తప్ప చేతి బరువు వేయకండి. అయిదారు సెకన్లు తిప్పి, బిట్టును పైకి లేపి, నీళ్లను లోపలికి పోనిచ్చి మళ్లీ దించండి. నీళ్లు పాలలా తెల్లబడుతుంటే బిట్టు కోస్తున్నట్టు. పొడి లేచినా, కాలిన వాసన వచ్చినా వెంటనే ఆపాలి. బోన్ చైనాకు రెండు మూడు నిమిషాలు, మందపాటి స్టోన్‌వేర్‌కు అయిదారు నిమిషాలు పడుతుంది. చివరికొచ్చేసరికి శబ్దం మారుతుంది, కాస్త బోలుగా వినిపిస్తుంది. అప్పుడు మిషన్ బరువును కూడా సగం మీ చేతుల్లోకి తీసుకోండి. అక్కడ ఒక నిమిషం ఆలస్యమైతే పోయేదేమీ లేదు.

నీళ్లు, కరెంటు కలిసిన పని ఇది. బ్యాటరీ మిషన్ వాడటమే మంచిది. వైరు మిషన్ తప్పదంటే గట్టులో కొద్ది నీళ్లే ఉంచి, ఇంకొకరు సీసాతో చుక్కలు చుక్కలుగా వేస్తూ ఉండాలి. అది కూడా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉన్న లైనులోనే. కళ్లద్దాలు తప్పనిసరి. పింగాణీ పొడి ఊపిరితిత్తులకు చెడ్డది, నీళ్లు దాన్ని లేవనివ్వవు. ఆ ముద్ద ఆరి పొడి కాకముందే తడిగుడ్డతో తుడిచేయండి.

మీ ఊళ్లో ఇంకో సదుపాయం ఉంది. పాలిష్ యూనిట్ల దగ్గర నాపరాయి ముక్కలు బోలెడు పడి ఉంటాయి. మొదటి రెండు మూడు రంధ్రాలు వాటి మీదో, పాత టైలు మీదో వేసి చెయ్యి కుదుర్చుకోండి.

ప్రశ్న: మిషన్ కొనే ఉద్దేశం లేదు. ఎవరితో వేయించుకోవచ్చు?
– పాఠకురాలు, గుంతకల్లు

జవాబు: బాత్‌రూముల్లో టైల్స్ వేసేవాళ్ల దగ్గర కుళాయి గొట్టాల కోసం వాడే వజ్రపు బిట్లు ఉంటాయి. గాజు, అద్దాల దుకాణాల్లోనూ వేస్తారు. ఇద్దరికీ ముందే మూడు మాటలు చెప్పండి: 8 మిల్లీమీటర్లు, నీళ్లతో, హ్యామర్ లేకుండా. ప్లైవుడ్ ముక్క మీరే తీసుకెళ్లండి. పగిలితే నష్టం ఎవరిదో కూడా ముందే మాట్లాడుకోవడం మంచిది.

ప్రశ్న: నడిమి బిందువు ఎలా గుర్తించాలి? కొలిచి వేసినా స్టాండు ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తోంది.
– పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ప్లేటును కాగితం మీద బోర్లించి చుట్టూ గీసి కత్తిరించండి. ఆ వృత్తాన్ని సగానికి, మళ్లీ సగానికి మడిచి విప్పితే మడతలు కలిసేదే నడుమ. అక్కడ సూదితో పొడిచి, కాగితాన్ని ప్లేటు మీద సర్ది, టేపు మీద గుర్తు పెట్టండి. తర్వాత ఆ గుర్తు నుంచి అంచుకు నాలుగు దిక్కులా కొలవండి. తేడా 2 మిల్లీమీటర్లు దాటకూడదు.

దాటిందంటే ప్లేటే సరైన గుండ్రం కాదు. పాత ప్లేట్లలో ఇది మామూలే. అప్పుడు అడుగు అంతస్తుకు వలయాన్ని బట్టి నడుమ తీయండి, ఎందుకంటే స్టాండు నిలబడేది దాని మీదే. పై ప్లేట్లకు అంచును బట్టి తీయండి, చూసేవాళ్ల కన్ను పడేది అంచు మీదే. మీ స్టాండు ఒరగడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. గొట్టాలను హ్యాక్సాతో కోసినప్పుడు కొస ఏటవాలుగా వచ్చి ఉంటుంది. గొట్టం కొసలో ఒక్క మిల్లీమీటరు వంకర ఉంటే అది ప్లేటు అంచుకు వచ్చేసరికి సెంటీమీటరుకు మించి తేడా చూపిస్తుంది. కొసను ఆకురాయితో రుద్ది, మూలమట్టం పెట్టి చూడండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో దొరికే కేక్ స్టాండు కడ్డీ సెట్లు పలచగా, ఊగిపోతూ ఉన్నాయి. మన దగ్గర హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే వస్తువులతో చేసుకోవచ్చా? కొలతలతో చెప్పండి.
– పాఠకుడు, అనంతపురం

జవాబు: చేసుకోవచ్చు, అదే గట్టిగా ఉంటుంది. ఆ సెట్లు ఊగడానికి కారణం కడ్డీ ఒక్కటిగా ఉండకపోవడం. ప్రతి అంతస్తు దగ్గర చిన్న మరతో ముక్కలు అతుకుతారు, ఆ మర వదులైనప్పుడల్లా పైదంతా ఆడుతుంది. కింది నుంచి పైదాకా ఒకే మరకడ్డీ, అంటే పొడవునా మర ఉన్న కడ్డీ, నడిస్తే ఆ బాధ లేదు.

మూడు అంతస్తులకు కావాల్సినవి ఇవి. ఎం6 (6 మిల్లీమీటర్ల మందం) మరకడ్డీ, స్టెయిన్‌లెస్ స్టీలుది. దానికి తొడగడానికి 10 మిల్లీమీటర్ల అల్యూమినియం లేదా ఇత్తడి గొట్టం, లోపలి వెడల్పు 8 మిల్లీమీటర్లు. 25 మిల్లీమీటర్ల వెడల్పున్న ఎం6 వాషర్లు ఆరు. అదే వెడల్పులో రబ్బరు వాషర్లు ఆరు. దొరక్కపోతే పాత సైకిల్ ట్యూబు కత్తిరించుకోండి. కింద బిగించడానికి ఒక నట్టు, పైన పట్టుకోవడానికి వలయం ఉన్న ఎం6 ఐ నట్టు. అల్మారా సొరుగులకు వాడే గుబ్బలు అందంగా ఉంటాయి కానీ వాటి మర చాలావరకు ఎం4, ఈ కడ్డీకి పట్టదు.

ప్లేట్లు 27, 21, 16 సెంటీమీటర్లవి కలిస్తే చూడ ముచ్చటగా ఉంటాయి. ఒకదానికీ ఇంకొకదానికీ తేడా కనీసం 5 సెంటీమీటర్లు ఉంటే కింది వరుసలోంచి తీసుకోవడానికి చెయ్యి పడుతుంది. గొట్టం కింద 15, పైన 12 సెంటీమీటర్లు. క్రీము పెట్టిన కప్పుకేకు ఏడెనిమిది సెంటీమీటర్ల ఎత్తుంటుంది, పైన చెయ్యి ఆడటానికి ఆ మిగిలింది కావాలి.

ఇప్పుడు కడ్డీ పొడవు లెక్క. గొట్టాలు 27, మూడు ప్లేట్ల మందం 1.5, వాషర్లూ రబ్బర్లూ 1.8, కింది నట్టుకు 0.5, పై వలయానికి 1.5. మొత్తం 32.3 సెంటీమీటర్లు. దుకాణంలో మరకడ్డీ మీటరు పొడవు దొరుకుతుంది. ఒక్క కడ్డీలో మూడు స్టాండులు వస్తాయి. అందుకని ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కుంటే ఖర్చు తగ్గుతుంది. కోసేముందు కడ్డీకి ఒక నట్టు ఎక్కించి, దాని పక్కన కోయండి. కోశాక ఆ నట్టును బయటికి తిప్పితే చెడిన మర దానంతటదే సరిపడుతుంది. ఇది చేయకపోతే కొత్త నట్టు ఎక్కదు, ఎక్కించాలని బలవంతం చేస్తే మర పాడవుతుంది.

పేర్చే వరుస: కింద నట్టు, ఇనుప వాషర్, రబ్బరు, ప్లేటు, రబ్బరు, ఇనుప వాషర్, గొట్టం. మళ్లీ ఇనుప వాషర్, రబ్బరు, ప్లేటు, రబ్బరు, ఇనుప వాషర్, గొట్టం. మూడోసారీ అంతే, గొట్టం బదులు ఐ నట్టు వస్తుంది. పింగాణీకి ఎప్పుడూ రబ్బరే తగలాలి. ఇనుము ఎక్కడా తగలకూడదు.

ప్రశ్న: అంతా బిగించాక స్టాండు బల్ల మీద నట్టు ఆనుకుని బొంగరంలా తిరుగుతోంది.
– పాఠకురాలు, ఆదోని

జవాబు: ఇది దాదాపు అందరికీ ఎదురయ్యేదే. ఎం6 నట్టు ఎత్తు 5 మిల్లీమీటర్లు, వాషరూ రబ్బరూ కలిస్తే 8 దాటుతుంది. ప్లేటు వలయం లోతు మాత్రం అయిదారుకు మించదు. సగం ఎత్తుండే పలచటి నట్టు దొరుకుతుంది, దాని ఎత్తు 3 మిల్లీమీటర్ల పైచిలుకు. అయినా చాలకపోతే వలయం మీద సమాన దూరాల్లో మూడు రబ్బరు బుడిపెలు అంటించండి, కుర్చీ కాళ్లకు వేసే రకం, 10 మిల్లీమీటర్ల ఎత్తువి. నాలుగు కాదు, మూడే. మూడు కాళ్లు ఎగుడుదిగుడు బల్ల మీద కూడా ఊగవు.

ప్రశ్న: అడుగున ప్లేటు బదులు కడప రాయి పెట్టొచ్చా? పిల్లలున్న ఇల్లు, స్టాండు పడిపోతుందేమోనని భయం.
– పాఠకుడు, కడప

జవాబు: మంచి ఆలోచన. మా సలహా కూడా అదే. 25 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం ఉన్న గుండ్రటి పలక రెండున్నర కిలోల పైనే తూగుతుంది. పైనున్న రెండు ప్లేట్లు, వాటి మీద తినుబండారాలు కలిసినా దాన్ని పడగొట్టడం కష్టం. రాయి కోసేవాళ్లే గుండ్రంగా కోసి, నడుమ రంధ్రం వేసి, వెనకవైపు నట్టు మునిగిపోయేలా 30 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల లోతు గుంట కూడా తీసిపెడతారు. అప్పుడు బుడిపెలతో పనిలేదు. బల్ల గీతలు పడకుండా కింద ఫెల్టు ముక్కలు అంటిస్తే సరి.

ఒక్క జాగ్రత్త. ఇది సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు, వెనిగర్ పడితే పాలిష్ తినేసి మచ్చ పడుతుంది, ఆ మచ్చ కడిగితే పోదు. నూనె కూడా పీలుస్తుంది. నిప్పట్లు, కజ్జికాయలు పెట్టేటప్పుడు కింద అరిటాకో బటర్ పేపరో వేయండి.

ప్రశ్న: రంధ్రం జోలికి పోకుండా, క్యాండిల్ స్టాండు మీద గాజు ప్లేటును ఫెవిక్విక్‌తో అతికించాను. మే నెలలో అటక మీద నుంచి తీసేసరికి ఊడి ఉంది. ఏ జిగురు వాడాలి?
– పాఠకురాలు, జమ్మలమడుగు

జవాబు: చుక్క జిగురు గట్టిపడ్డాక పెళుసుగా ఉంటుంది. లోహమూ గాజూ వేడికి ఒకేలా సాగవు. ఇత్తడి పింగాణీకన్నా దాదాపు మూడు రెట్లు సాగుతుంది. మన ఎండాకాలంలో పగలు 42, 43 డిగ్రీలు, స్లాబు కింది అటక మీద ఇంకా ఎక్కువ. రోజూ ఆ సాగుడుకూ ముడుచుకోవడానికీ పెళుసు జిగురు విరిగిపోతుంది. గ్లూ గన్‌తో వేసే జిగురు అసలే వద్దు. అది వేడికి మెత్తబడేదే.

లోహం మీద గాజు, పింగాణీ అతికించడానికి సిలికాన్ సీలెంట్ మేలు, రబ్బరులా సాగుతుంది. పింగాణీ మీద పింగాణీ అయితే రెండు ట్యూబుల ఎపాక్సీ, అరాల్డైట్ వంటిది, సమపాళ్లలో కలిపి వాడండి. అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం కన్నా నెమ్మదిగా గట్టిపడే మామూలు రకమే బలం.

జిగురు ఏదైనా నునుపు మీద నిలవదు. అతికే చోట రెండు వైపులా 120 నంబరు ఎమరీ కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దండి. స్పిరిట్‌తో తుడిచి, వేలు తగలకుండా ఆరనివ్వండి. చేతి జిడ్డు ఒక్క ముద్ర చాలు అతుకు చెడగొట్టడానికి. గట్టిపరచిన గాజును మాత్రం రుద్దకండి, గీతలు దాని బలాన్ని తగ్గిస్తాయి. స్పిరిట్‌తో తుడిచి సిలికాన్ వేస్తే చాలు. పలచటి పొర వేసి, ప్లేటు పెట్టి, నడుమ ఒక గోలీ ఉంచండి. గోలీ ఏ వైపు దొర్లితే ఆ వైపు పల్లం. నిలిచేదాకా సర్ది, ఒక పుస్తకం బరువు పెట్టి పూర్తిగా ఒక రోజు కదపకండి.

కాడ, అంటే ప్లేటును మోసే స్తంభం, పై భాగం ప్లేటు వెడల్పులో మూడో వంతైనా ఉండాలి. 20 సెంటీమీటర్ల ప్లేటుకు 7 సెంటీమీటర్ల కాడ. క్యాండిల్ స్టాండు నోరు మూడు సెంటీమీటర్లే ఉంటుంది, అందుకే మీది అంత తేలిగ్గా ఊడింది. బోర్లించిన ఐస్‌క్రీమ్ కప్పు, అడుగు మందంగా ఉన్న గాజు గ్లాసు దానికన్నా నయం. అతికించిన స్టాండును మరిగే నీళ్లతో కడగకండి, ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఉంచకండి. అరవై డిగ్రీల ప్రాంతంలో మామూలు ఎపాక్సీ మెత్తబడటం మొదలవుతుంది.

ప్రశ్న: కిలో కేకు మొత్తంగా ఈ స్టాండు మీద పెట్టొచ్చా?
– పాఠకుడు, డోన్

జవాబు: నడుమ కడ్డీ ఉన్న స్టాండులో గుండ్రటి కేకు పట్టదు. అది కప్పుకేకులకు, కోసిన ముక్కలకు, లడ్లకు, వేరుశనగ ఉండలకు. పైన చెప్పిన కొలతల్లో కప్పుకేకులు అడుగున ఎనిమిది, నడుమ అయిదు, పైన నాలుగు కూర్చుంటాయి. మొత్తం కేకు కోసం అతికించే పద్ధతిలో ఒంటి కాడ స్టాండు వేరే చేసుకోండి, దాన్ని అంతస్తుల స్టాండు పక్కన పెడితే బల్ల నిండుగా ఉంటుంది. బరువైనవి ఎప్పుడూ అడుగునే సర్దండి. తినుబండారాలతో ఉన్నప్పుడు పై వలయం పట్టుకుని ఎత్తకండి, ఒక చెయ్యి అడుగు ప్లేటు కింద ఉండాలి.

ప్రశ్న: స్టాండు చేసి వారం బాగానే ఉంది. తర్వాత ఎవరూ ముట్టుకోకుండానే నడిమి ప్లేటుకు రంధ్రం నుంచి అంచుదాకా పగులు వచ్చింది. ఎందుకు?
– పాఠకురాలు, కర్నూలు

జవాబు: అతిగా బిగించారు. లేదా ఆ ప్లేటు నడుమ కొంచెం ఉబ్బుగానో గుంటగానో ఉంది. అలాంటి చోట చదును వాషర్ మొత్తం ఆనదు, ఒకటి రెండు చోట్లే ఆనుతుంది. నట్టు బలమంతా ఆ బిందువుల మీద పడి, రంధ్రం అంచులో ఉన్న సన్న గాటు నుంచి పగులు మొదలై రోజురోజుకూ పాకుతుంది.

రంధ్రం పడగానే దాని అంచును 220 నంబరు ఎమరీ కాగితం తడిపి, వేలికి గరుకు తగలనంతగా రుద్దండి. ఇది చాలామంది వదిలేసే పని, కానీ ప్లేటు ఆయుష్షు దీని మీదే ఉంటుంది. వాషర్ పెట్టి దాని కింద కాగితం ముక్క దూర్చి చూడండి. దూరుతుంటే అక్కడ రబ్బరు రెండు పొరలు వేయాలి. నట్టును వేళ్లతో బిగిసినంత బిగించి, పానాతో పావు చుట్టు మాత్రమే తిప్పండి. రబ్బరు కొద్దిగా నొక్కుకుని, ప్లేటు తిప్పితే తిరగకుండా ఉంటే అక్కడికి ఆపేయాలి.

ప్రశ్న: నానమ్మ కాలం నాటి ప్లేట్లు, బంగారు గీత, ఎర్ర పూలు ఉన్నాయి. వీటి మీద తినేవి పెట్టొచ్చా?
– పాఠకురాలు, కడప

జవాబు: పూల మీద వేలు పోనివ్వండి. బొమ్మ ఉబ్బుగా తగిలితే రంగు మెరుపు పూత పైన వేసినది. పాతవాటిలో, ముఖ్యంగా ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లో సీసం, కాడ్మియం ఉండే అవకాశం ఉంది. పులుపు, తడి తగిలితే అవి కొద్దికొద్దిగా దిగుతాయి. బొమ్మ అంచు వరకే ఉండి నడుమ తెల్లగా ఉంటే, కాగితం వేసి పొడి తినుబండారాలు పెట్టుకోవచ్చు. నడుమంతా బొమ్మే ఉంటే కాగితం చాలదు, గట్టి కేకు బోర్డు వేయండి. పండ్ల ముక్కలు, నిమ్మ క్రీము వద్దు. ఆ ప్లేటును పై అంతస్తుకు పెట్టి, అందులో రేపర్ ఉన్న చాక్లెట్లు పోస్తే బొమ్మా కనపడుతుంది, భయమూ ఉండదు. ఇత్తడి గొట్టం వాడితే దానికి కూడా పులుపు తగలనివ్వకండి, చిలుము పడుతుంది.

ప్రశ్న: మా బోరు నీళ్లతో కడిగితే ప్లేట్ల మీద తెల్ల చారలు పడుతున్నాయి. స్టాండును విప్పే కడగాలా?
– పాఠకురాలు, అనంతపురం

జవాబు: వాడిన ప్రతిసారీ విప్పండి. వాషర్ కింద చేరిన క్రీము, చక్కెర చీమలను పిలుస్తాయి, వాసన పట్టిస్తాయి. విప్పడానికి ఒక నిమిషం పడుతుంది, మరకడ్డీ పద్ధతి మేలనడానికి అది కూడా ఒక కారణం. కడిగిన వెంటనే పొడి గుడ్డతో తుడిస్తే చారలు పడవు, ఎందుకంటే అవి ఆరిన నీళ్లలోని సున్నమే. పడిన చారలకు తెల్ల పింగాణీ అయితే నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడిచి కడిగేయండి. బంగారు గీతల ప్లేట్లకూ కడప రాయికీ వెనిగర్ తగలకూడదు. మళ్లీ బిగించేముందు రంధ్రం అంచు, రబ్బర్లు పూర్తిగా ఆరాయో లేదో చూసుకోండి. రబ్బరు గట్టిపడి చీలికలు కనపడితే మార్చేయండి.